మ్యూజియంలో పువ్వు అడిగిన రోజు

ఆ రోజుల్లో మా గుడియాత్తం వైపు పల్లెల్లో మ్యూజియాన్ని మ్యూజియం అని ఎవరూ అనేవాళ్ళు కాదు. మద్రాసులో జంతువులుండే జూ 'బతికిన కాలేజీ', పాత వస్తువులుండే మ్యూజియం 'చచ్చిన కాలేజీ'. రెండు కాలేజీలూ చూసి వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుంటే చుట్టూ జనం చేరేవాళ్ళు. బతికిన కాలేజీలో సింహం నిద్రపోతూనే ఉందని కొంచెం నిరాశగా చెప్పి, చచ్చిన కాలేజీలో తిమింగలం ఎముకలు ఇంటి దూలాల్లా ఉన్నాయని చేతులు బారచాపి చూపేవాళ్ళు. నేను మాత్రం మొదటినుంచీ చచ్చిన కాలేజీ పక్షమే. కదలని వస్తువులను చూడటంలో ఒక సుఖం ఉంది. మనం ఎప్పుడు పోయినా అవి ఉన్నచోటే ఉంటాయి, ఉన్నట్టే ఉంటాయి. వాటిని చూడటానికి మనతో వచ్చే మనుషులు మాత్రం అలా ఉండరని తెలుసుకోవడానికి నాకు ఒక వసంతకాలపు పగలు సరిపోయింది. (నాకు బడి రోజుల నుంచీ డైరీ రాసే అలవాటు ఉంది గనక అంతా అందులో ఉంటుందని మీరనుకోవచ్చు. ఆనాటి పేజీ తీసి చూశాను. "కోట, మ్యూజియం చూచితిమి. ఎండ జాస్తి" అని మాత్రం ఉంది. అందుచేత మిగతాదంతా నా జ్ఞాపకం పూచీ మీద చెబుతున్నాను.)

అప్పుడు నేను వేలూరులో భూముల సర్వే ఆఫీసులో కొత్తగా చేరిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. సత్తువాచారిలో ఒక గది అద్దెకు తీసుకుని, వండుకుని తిని, సైకిల్ మీద ఆఫీసుకు పోయి వచ్చేవాణ్ణి. గీత గీస్తే నిటారుగా ఉండాలి, బస్సు ఎక్కితే వేళకు ఎక్కాలి, హోటల్లో గోడ మీద దేవుడి పటం కాస్త వంకరగా కనిపిస్తే లేచి సరిచేసి వచ్చి కూర్చుంటే గానీ నాకు ఇడ్లీ దిగేది కాదు. ఆఫీసులో నా పేరు 'టైంటేబుల్'. చలి పోయి, వేపచెట్లు పూత పట్టి, గాలిలో ఆ సన్నని చేదు వాసన మొదలయ్యిందంటే నాకు కాలు నిలిచేది కాదు. ప్రతి ఏడూ ఆ రోజుల్లో ఏదో ఒక పాత కట్టడం చూడటానికి పోవలసిందే. విరించిపురం గుళ్ళో నీడను బట్టి పొద్దు చెప్పే రాయి ముందు నిలబడి, నా చేతి గడియారం తప్పో రాయి తప్పో తేలక మధ్యాహ్నపు బస్సు పోగొట్టుకున్నాను. ఆర్కాటులో ఢిల్లీ దర్వాజా ఎక్కి, కింద పారే పాలారులో నీళ్ళు వెతికాను. ఇలాంటి యాత్రలన్నీ ఒంటరిగా, ముందే రాసుకున్న కార్యక్రమం ప్రకారం జరిగిపోయేవి. అడ్డు చెప్పేవాళ్ళు లేనప్పుడు ఏ కార్యక్రమమైనా అందంగానే నడుస్తుంది.

ఇలా ఉండగా నాకు వేలూరు పక్కనే బాగాయంలో ఒక సంబంధం చూశారు. పిల్ల తండ్రి పట్టాళంలో పనిచేసి వచ్చినాయన, మా ఇంట్లో అందరూ 'మిలిటరీ మామ' అనేవాళ్ళు. మీసాలు, ఇస్త్రీ చొక్కా, మాట్లాడితే ఎదుటివాడు అటెన్షన్‌లో నిలబడాలనిపించే గొంతు. పెండ్లిచూపుల్లో ఆ అమ్మాయి కాఫీ పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. పళ్ళెం బల్ల అంచుకు సమానంగా పెట్టింది. నేను ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాను. (ఆమె ముఖం కూడా చూశాను. కానీ ముందు చూసింది పళ్ళెమే. ఈ నిజం ఆమెకు ఎన్నోసార్లు చెప్పాను, ఎన్నిసార్లు చెప్పినా మెచ్చుకోలుగా తీసుకోలేదు.) ఆ రోజు ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మాట్లాడినదంతా మిలిటరీ మామే.

"అబ్బాయి సరే. ఉద్యోగం సరే. ఈ నెలాఖరుకు తేల్చి చెప్పండి. అరక్కోణంలో రైల్వే అబ్బాయి ఒకడు కాసుకోని ఉండాడు. నేను ఎవుర్నీ నడమంత్రంలో నిలబెట్టేవాణ్ణి కాదు," అన్నాడు.

మా నాయన సరే అనేలోపే మా అవ్వ (నాయనకు అమ్మ, మా ఇంటికి సుప్రీం కోర్టు) అడ్డం పడింది. "ఉండప్పా, మా వేటప్పను పువ్వు అడగాల. ఆయన సరేంటే సరి. కాదంటే వచ్చే ఉగాది దాకా మా ఇంట్లో పెండ్లి మాటే ఎత్తకూడదు. మా వంశంలో అంతే."

ఈ వేటప్ప సంగతి కాస్త చెప్పాలి. మా చెరకు తోట గట్టు మీద ఒక రాయి ఉండేది. నిలువెత్తు కాదు, నడుమెత్తు. దాని మీద చేత విల్లు పట్టుకున్న మనిషి బొమ్మ చెక్కి ఉంటుందని వినికిడి. వినికిడి అని ఎందుకంటున్నానంటే తరతరాలుగా పూసిన పసుపు, కుంకుమ, నూనె కలిసి గడ్డకట్టి, ఆ రాయి అచ్చం పసుపు ముద్దలాగే ఉండేది. ఆయన మా పూర్వీకుడనీ, పులితో పోరాడి చచ్చిపోయాడనీ అవ్వ చెప్పేది. పులి కాదు, పశువుల దొంగలని నాయన అనేవాడు. పెండ్లి ఏదైనా ముందు ఆయన్ను పువ్వు అడగడం మా ఇంటి ఆచారం. తడిపిన గన్నేరు పువ్వు ఒకటి రాతి నెత్తిన పెట్టి, దండం పెట్టి నిలబడాలి. మనకు కుడివైపు రాలితే సరే అన్నట్టు, ఎడమవైపు రాలితే వద్దన్నట్టు. పువ్వు పెట్టాక రాలేదాకా చోటు కదలకూడదు, పెట్టిన పువ్వును చేత్తో తీయకూడదు. అదీ నియమం. ఇంతకూ మా తాత బతికున్న రోజుల్లో పాత రాళ్ళు పరిశీలించే ఒక ఆఫీసరు జీపులో వచ్చి, ఆ రాయి చూసి ఆశ్చర్యపోయి, తాతను "సార్" అని పిలిచాడు. ఆయన్ను అంతకు ముందు ఎవరూ సార్ అనలేదు. అంతే, తాత ఎద్దులబండి కట్టించి, దగ్గరుండి రాయి ఎక్కించి, వేలూరు మ్యూజియానికి పంపేశాడు. ఆ తర్వాత మా అత్త పెండ్లికి, రాయి లేదు గనక రాయి ఉండిన గుంతనే పువ్వు అడిగారట. గుంత నెత్తిన పువ్వు ఎలా పెట్టారో నాకు తెలియదు గానీ, ఆ మామ మాత్రం పెండ్లయిన నాటినుంచీ పెట్టింది తినడమే తప్ప పలకడం లేదు. "గుంతనడిగి చేస్తే గుంతట్లాంటోడే వచ్చినాడు," అని అవ్వ నిర్ధారించింది. అందుచేత ఈసారి రాయినే అడగాలి. అంటే మ్యూజియానికే పోవాలి.

నాకు లోపల సంతోషం పొంగింది. మ్యూజియం నా సొంత రాజ్యం కదా. మేము మా ఊరినుంచి, వాళ్ళు బాగాయం నుంచి వచ్చి కోట దగ్గర కలుసుకోవాలని, ముందు కోట బురుజు, ఆపైన మ్యూజియం, చెట్ల కింద భోజనం, చివర కోట లోపలి గుళ్ళో దర్శనం అని ఒక కార్యక్రమం తయారుచేసి, ఆఫీసు టైపు మిషన్ మీద కొట్టి మిలిటరీ మామకు ఒక కాపీ పంపాను. ఆయన దాన్ని చదివి, "అబ్బాయికి డిసిప్లిన్ ఉండాది" అన్నాడని తెలిసి ఆ రాత్రి సగం నిద్ర మానేశాను. మిగతా సగం అరక్కోణం రైల్వే అబ్బాయి గురించి ఆలోచిస్తూ మానేశాను. ఒక గన్నేరు పువ్వు ఎడమవైపు పడితే నా బతుకు వచ్చే ఉగాదికి వాయిదా పడుతుంది. అప్పటికి ఆ పళ్ళెం అరక్కోణంలో ఏదో రైల్వే క్వార్టర్సులో బల్ల మీద ఉంటుంది.

ఉగాది పోయిన తర్వాత ఒక ఆదివారం బయలుదేరాం. కోట కందకంలో నీళ్ళు మిలమిలలాడుతున్నాయి. వేపపూత గట్టు మీద తెల్లగా రాలి ఉంది. అవ్వ కోట గోడను పైనుంచి కిందికి చూసి, "ఇంత రాయి పెట్టి కట్టినోడు, నా వేటప్పను కూడా తెచ్చుకోవాల్నా?" అంది. చంకలో బుట్ట. బుట్టలో టెంకాయ, కర్పూరం, పసుపు, గన్నేరు పూలు, చెంబుతో మా బావి నీళ్ళు. ఇవికాక వేటప్ప సరే అంటే ఆయనకు చెల్లించాల్సిన ఒక పుంజు, కాళ్ళకు తాడుతో. బురుజు ఎక్కడం అనే మొదటి అంశం అవ్వ మోకాళ్ళు రద్దు చేశాయి. మ్యూజియం వాకిట్లో కాపలా ఉండే పెద్దమనిషి బుట్టలోకి తొంగి చూశాడు. తమిళం తెలుగు కలిపి మాట్లాడే మనిషి. అవ్వను చూడగానే మెత్తబడ్డాడు.

"పాటీ, ఇది గుడి కాదు. కర్పూరం వద్దు, టెంకాయ వద్దు, పసుపు వద్దు. కోడి అసలే వద్దు," అన్నాడు.

"మరి ఏం చేయవచ్చు నాయనా?"

"చూడవచ్చు."

"చూసేదానికే అయితే గుడియాత్తం నుంచి ఎందుకొస్తాం? ఈ అబ్బోడి పెండ్లి మా పెద్దాయన్ను అడగాల. మా ఇంటి మనిషే లోపల ఉండాడు. నీ దగ్గర విడిచిపెట్టినాం. చూసిపోయేదానికి వస్తే వద్దంటావా?"

ఆ మాట ఆయనను ఎక్కడో తాకినట్టుంది. ఆసుపత్రిలో ఉన్న చుట్టాన్ని చూడటానికి వచ్చినవాళ్ళను ఆపినంత ఇబ్బంది పడి, అటూ ఇటూ చూసి, "ఒక్క పువ్వు. నీళ్ళు కింద పడకూడదు. సీక్రం," అన్నాడు. పుంజును, పులిహోర డబ్బాలను చూసుకుంటూ మా అమ్మ, అమ్మాయి తల్లి బయట పచ్చిక మీద ఉండిపోయారు. అవ్వ, నాయన, నేను, మిలిటరీ మామ, ఆ అమ్మాయి లోపలికి పోయాం.

లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. పాత కత్తులు, నాణేలు, తాళపత్రాల దగ్గర నేను ఆగి మామకు వివరించబోయాను. అవ్వ ఎక్కడా ఆగలేదు. హాలు చివర గోడ వారగా చెక్కడపు రాళ్ళు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నీ ఎవరెవరో వీరులవే. అవ్వ ఆ వరుసలో అందరికంటే ఎత్తుగా, వెడల్పు ఛాతీతో, చేత విల్లు, పక్కన కుక్కతో ఠీవిగా ఉన్న ఒకాయన ముందు ఆగి, రెండు చేతులతో బుగ్గలు నొక్కుకుంది.

"వచ్చినాం నాయనా వేటప్పా! ఎంత తెల్లగా తోమి పెట్టినారు నిన్ను! చూసినావా రా, మీ తాత ముక్కు అచ్చంగా ఇదే!"

రాయి పక్కనే చిన్న బోర్డు ఉంది. అవ్వ చీర కొంగు దానిమీద పడి ఉంది. "అవ్వా, ఒక్క నిమిషం, బోర్డు చదువుతా," అన్నాను.

"నా ఇంటి పెద్దాయన్ను నేను బోర్డు సదివి తెలుసుకోవాల్నా?" అని గన్నేరు పువ్వు చెంబులో ముంచి, ఆయన నెత్తిన పెట్టేసింది.

అందరం చేతులు జోడించాం. పువ్వు రాలలేదు. మా చెరకు తోటలో గాలికి, ఎండకు చప్పున రాలిపోయేదట. ఇక్కడ గాలి లేదు, ఎండ లేదు. తడిపువ్వు రాతికి అతుక్కుని హాయిగా కూర్చుంది. నిలబడి నిలబడి అవ్వ ఆయనతో మాటలు మొదలుపెట్టింది. చెరకు ఈ ఏడు బాగుందని, బావిలో నీళ్ళు తగ్గాయని, తాత పోయాడని, ఇక్కడికి పంపింది ఆయనే గనక కోపముంటే ఆయన మీదే తీర్చుకోమని, అబ్బాయి మీద కాదని. ఇంతలో ఎర్ర చీరలు కట్టుకుని యాత్రకు పోతున్న ఆడవాళ్ళ గుంపు ఒకటి లోపలికి వచ్చింది. నెత్తిన పువ్వున్న రాయి, ముందు జోడించిన చేతులు కనిపించగానే వాళ్ళు ఇంకేమీ అడగకుండా మా వెనకే వరుస కట్టి దండాలు పెట్టసాగారు. ఒకామె అవ్వను, "ఏ సామి తల్లీ?" అని అడిగింది. "మా ఇంటి సామి. పెండ్లిండ్లు కుదురుస్తాడు," అంది అవ్వ దర్జాగా. వెంటనే ఇంకొకామె తన కూతురి జాతకం చెప్పుకోవడం మొదలుపెట్టింది. కాపలా పెద్దమనిషి గుమ్మంలోంచి చూసి తల పట్టుకున్నాడు.

"పోజిషన్లో ఎంతసేపు నిలబడాల?" అన్నాడు మిలిటరీ మామ, గడియారం చూసుకుంటూ.

అవ్వ ఒక అడుగు పక్కకు జరిగింది. కొంగు కూడా జరిగింది. బోర్డు బయటపడింది. నేను చదివాను. (చదవకుండా ఉండవచ్చు. చదివినా చెప్పకుండా ఉండవచ్చు. నా పెండ్లి నాకు ముఖ్యమైతే అదే చేయాలి. కానీ అక్షరాలు కనిపిస్తే చదవకుండా, తప్పు కనిపిస్తే చెప్పకుండా ఉండే గుణం దేవుడు నాకివ్వలేదు.)

"అవ్వా, ఈయన మనాయన కాదు. గుడియాత్తమే కాదు. తిరువణ్ణామలై దావలో ఏదో ఊరు వేసుండారు."

హాలులో ఆ మాట రెండుసార్లు మోగింది. అవ్వ రాయిని కొత్తగా చూసింది. తన పుట్టింటివాళ్ళనుకుని దారిన పోయే ఎవరినో కౌగిలించుకున్నట్టుంది ఆమె ముఖం. "మరి ముక్కు?" అంది నీరసంగా. ఆమె తప్పేముంది? కాపురానికి వచ్చిన నాటినుంచీ వేటప్పను పసుపు లోపలే చూసింది, ఒట్టి ముఖం ఏనాడూ చూడలేదు. "అందుకే పలకలేదు," అంది చివరికి. "పరాయోళ్ళ పెండ్లికి ఆయనెందుకు నోరు తెరుస్తాడు? పోదాం రాండి, మనాయన్ను వెతుకుదాం."

"పువ్వు?" అన్నాడు నాయన. ఆయన మాట్లాడటమే అరుదు. మాట్లాడితే ఇలాంటి మాటే.

పెట్టిన పువ్వు రాలేదాకా చోటు కదలకూడదు. చేత్తో తీయకూడదు. నియమం నియమమే. దాంతో, ఎవరో తెలియని ఊరి ఎవరో తెలియని పెద్దమనిషి నా పెండ్లి గురించి ఏమంటాడా అని మేమంతా మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఎర్ర చీరలవాళ్ళు కూడా ఉత్కంఠతో ఉండిపోయారు. చివరికి తడి ఆరి, పువ్వు మెల్లగా ఒరిగి, మా అందరి కళ్ళముందు, ఎడమవైపు రాలింది.

నా గుండె కూడా అటే రాలింది. యాత్రవాళ్ళు "అయ్యో" అని బయటికి నడిచారు. తన కూతురి జాతకం చెప్పుకున్నామె అందరికంటే ముందు పోయింది.

మిలిటరీ మామ గొంతు సవరించుకున్నాడు. "అడిగినాం. జవాబు వచ్చింది. ఆర్డరంటే ఆర్డరే."

"ఆయన మా ఆయన కాదు కదప్పా! మా సంగతి ఆయనకేం తెలుసు?" అంది అవ్వ.

"తెలియదు గనకే నిజం చెప్పినాడు. ఇంటోళ్ళయితే మొగమాటానికి సరేంటారు."

చెప్పాలంటే, అది నా వాదనలాగే ఉంది. ఆ అమ్మాయి నేలవైపు చూస్తూ నిలబడింది. పెదవి కొరుకుతోందో, నవ్వు ఆపుకుంటోందో తెలియలేదు. మా నాయన ఒంగి ఆ పువ్వు తీసుకుని, తువ్వాలులో పెట్టుకుని, నెమ్మదిగా అన్నాడు: "ఆయన వద్దన్నింది ఆయన వంశంలో పెండ్లికి. మనం పోయి ఊరికే ఆ ఊరోళ్ళకు ఈ ఏడు పెండ్లిండ్లు లేకుండా చేస్తిమి. పాపం."

మామ ఒక నిమిషం ఆలోచించాడు. పట్టాళంలో ఒక రెజిమెంటు ఆర్డరు ఇంకొక రెజిమెంటుకు చెల్లదన్న సంగతి గుర్తొచ్చినట్టుంది. "అది కరెక్టు," అన్నాడు. అవ్వ ఆ పరాయి వీరుడికి చెంపలు వేసుకుని, క్షమించమని బుట్టలోంచి ఒక అరటిపండు తీసి ముందు పెట్టింది. కాపలా పెద్దమనిషి చీమలు వస్తాయని చెప్పి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. (తిన్నాడని నా అనుమానం. అంత ఓర్పుకు అది చాలా చిన్న దక్షిణ.)

ఈసారి బోర్డులు చదివే పని నాకే అప్పగించారు. మా వేటప్ప వరండాలో దొరికాడు. మా ఊరి పేరు బోర్డు మీద స్పష్టంగా ఉంది. అందరం ముందుకు ఒంగి చూశాం. సన్నగా, పొట్టిగా, కొంచెం బొజ్జతో, మీసాలు కిందికి వాలి, విల్లు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడ్డట్టున్న మనిషి. పులి జాడ లేదు. కాళ్ళ దగ్గర ఉన్నది ఆవుదూడో మేకో తేలలేదు.

"ఇంతేనా?" అన్నాడు మామ.

"పసుపుతో ఉంటే నిండుగా ఉండేవాడు," అంది అవ్వ, ఆయన తరఫున నొచ్చుకుంటూ. తరువాత గొంతు తగ్గించి, "ఇంట్లో అందరూ బాగుండారు నాయనా. నిన్ను మరిచిపోలేదు," అని భుజం మీద చెయ్యి వేసింది. కాపలా పెద్దమనిషి "పాటీ, ముట్టుకోవద్దు..." అనబోయి, ఆమె ముఖం చూసి, కోట గోడ మీద చిలకలను చూడటం మొదలుపెట్టాడు.

అవ్వ కొత్త పువ్వు తడిపి, వేటప్ప నెత్తిన పెట్టింది. అప్పుడు నాకు కనిపించింది. కనిపించకపోతే ఎంత బాగుండేది! రాయి అడుగున ఎడమ అంచు కొంచెం ఎత్తు, కుడి అంచు చిట్లి ఉంది. మా తాత దగ్గరుండి బండి ఎక్కించినప్పుడు చిట్లిందే అది, ఇంట్లో అందరూ చెప్పుకునే సంగతే. అందువల్ల రాయి ఒక వెంట్రుకవాసి కుడికి ఒరిగి ఉంది. మామూలు కంటికి తెలియదు. సర్వే ఆఫీసు కంటికి తెలుస్తుంది. పువ్వు ఎవరి సమ్మతితోనూ పనిలేకుండా కుడివైపే పడుతుంది. పడితే నా పెండ్లి. నోరు మూసుకుని నిలబడటం తప్ప నేను చేయవలసింది ఇంకేమీ లేదు.

"రాయి కుడి పక్కకు ఒరిగి ఉండాది," అన్నాను.

అవ్వ నా వైపు తిరిగి, "నువ్వు నా కడుపున పుట్టినోడికే పుట్టినావా?" అంది. నాయన కళ్ళు మూసుకున్నాడు. మిలిటరీ మామ చేతులు వెనక్కి కట్టుకుని, "అట్లయితే ఇది చెల్లదు," అన్నాడు. "ఒరిగిన రాయి చెప్పే జవాబు నేను ఒప్పను. ఇంగ మీ ఇష్టం. అరక్కోణానికి రేపే కార్డు రాస్తా."

అప్పుడు ఆ అమ్మాయి మాట్లాడింది. ఆమె గొంతు నేను వినడం అదే మొదటిసారి. గట్టిగా, స్పష్టంగా, వాళ్ళ నాయన గొంతులో సగం బలంతో, రెట్టింపు చలాకీగా:

"రాయి నేరుగానే ఉండాది నాయనా. చూసే ఆయన తలే ఒక పక్కకు ఒరిగి ఉండాది."

అందరూ నన్ను చూశారు. నేను రాతి ఏటవాలును బాగా అంచనా కట్టడానికి తల పూర్తిగా ఎడమ భుజం మీదికి వాల్చి, ఒక కన్ను మూసి, బొటనవేలు నిటారుగా ముందుకు చాపి నిలబడి ఉన్నాను. కొంగ చేపను చూసినట్టు. ముందు అవ్వ నవ్వింది. తరువాత నాయన. ఆ తరువాత మిలిటరీ మామ నవ్వాడు. పట్టాళం విడిచి వచ్చాక ఆయన అలా నవ్వడం అదే మొదలని వాళ్ళింట్లో తరువాత చెప్పారు. కోట వరండా అదిరిపోయేలా, మీసాలు ఎగిరేలా, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, నా వీపు మీద చరుస్తూ నవ్వాడు. నేనూ నవ్వాను, ఎందుకో సరిగ్గా తెలియకపోయినా. అంత నవ్వులో ఎవరూ రాయివైపు చూడలేదు. చూసేసరికి వేటప్ప నెత్తిన పువ్వు లేదు.

"యాడ పడింది?" అని అవ్వ కేక వేసింది.

"కుడివైపే పాటీ," అన్నాడు కాపలా పెద్దమనిషి, చిలకలను వదిలి. "మీరంతా నవ్వుతా ఉంటే నేను చూస్తానే ఉండినా. తానుగా పడింది." పువ్వు నిజంగానే మాకు కుడివైపు నేలమీద ఉంది. మామ అటు ఒక చూపు, కూతురివైపు ఒక చూపు చూశాడు. కూతురు నేలవైపు చూస్తోంది, పొద్దున్నుంచీ చూస్తున్నట్టే. ఆయన నాతో, "అబ్బాయా, ఆఫీసులో నీ మాట ఎవురన్నా వింటారా?" అని అడిగాడు. ఎవరూ వినరని ఉన్నమాట చెప్పాను. "మంచిది. ఇంట్లో కూడా అలవాటవుతుంది," అని, పులిహోర తినడానికి దారితీశాడు. నా కార్యక్రమంలో భోజనం అనే అంశం ఒక్కటే వేళకు జరిగింది. పుంజు మళ్ళీ బస్సెక్కి ఊరికి పోయింది. మా పెండ్లి ఆ ఏడే చేశారు.

అదంతా ఎంతో కాలం కిందటి మాట. అవ్వ లేదు, నాయన లేడు, మామ కూడా లేడు. నేను పదవీ విరమణ చేసి, పొద్దున నడక, పేపరు, సాయంత్రం డైరీ అని ఒక కొత్త కార్యక్రమం తయారుచేసుకున్నాను. మా ఇంటావిడ దాన్ని రోజూ ఎక్కడో ఒకచోట రద్దు చేస్తూ ఉంటుంది. వేపపూత రాలే రోజుల్లో మాత్రం ఇద్దరం బస్సెక్కి ఏదో ఒక కోటకో, గుడికో, మ్యూజియానికో పోతాం. ఈ వసంతంలో వేలూరు కోటకే పోయాం. ఇప్పుడు నాకు మెడ ఎముకలు అరిగి, తల కొంచెం కుడికే ఒరిగి నిలుస్తుంది. డాక్టరు పట్టీ ఇచ్చాడు, వ్యాయామం చెప్పాడు, ఇక ఇంతే అని కూడా మెల్లగా చెప్పాడు. వేటప్ప ముందు నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని, శ్రద్ధగా చూశాను. పాత ఉద్యోగపు కన్ను ఇంకా పోలేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాను. రాయి నిటారుగా, గీత గీసినట్టు నేరుగా ఉంది.

"నువ్వు చెప్పిందే నిజం," అన్నాను. "నేరుగానే ఉండాది."

ఆమె రాయిని చూడలేదు. నా మెడను చూసింది. చెయ్యి చాపి, నా చొక్కా కాలరు సరిచేసింది, ఇంకెప్పటికీ సరిగా నిలవదని తెలిసినా. "అప్పుడు ఒరిగే ఉండింది," అంది గొంతు తగ్గించి. "నాకు కనబడలేదనుకున్నారా? ఎవురికీ చెప్పబాకండి."

చెప్పనని మాటిచ్చాను. ఇలా మీకు చెప్పేస్తున్నానంటే ధైర్యం ఒక్కటే: ఇంట్లో రోజంతా తెలుగులోనే నన్ను దులిపేస్తుంది గానీ, వేలూరులో తమిళంలో చదువుకున్న మనిషి, తెలుగు చదవడం ఆమెకు రాదు.